వాన తెరిపిచ్చిన రెండో నాడు: తిరుపతి, చిత్తూరు దారుల్లో శరత్కాలపు ఫోటో ప్రయాణం

శరత్కాలపు ఫోటోలంటే చాలామంది కళ్లలో మెదిలేది కాశ్మీరు చినార్ల ఎర్రటి ఆకులు. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల అది వెతికితే దొరకదు. శేషాచలం చెట్లు ఆకు రాల్చేది సంక్రాంతి దాటాకే. ఆశ్వయుజ, కార్తీకాల్లో మన కొండలు ఏడాదిలో ఎన్నడూ లేనంత పచ్చగా ఉంటాయి. ప్రతి కోనలో నీళ్లు దూకుతుంటాయి, చెరువులు మరవ (అలుగు) పారుతుంటాయి, స్వర్ణముఖి ఇసుకలో రెల్లు తెల్లగా పూస్తుంది, చేల గట్లమీద తంగేడు పచ్చగా విరగబూస్తుంది. ఇక్కడి శరత్తు రంగు ఆకుల్లో కాదు, నీళ్లలోనూ వెలుతురులోనూ ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి కావలసింది ఖరీదైన లెన్సు కన్నా ముందు, బయల్దేరాల్సిన రోజును సరిగ్గా ఎంచుకోవడం.

అందుకే ఈ మార్గదర్శి అంతా ఒక పద్ధతి చుట్టూ తిరుగుతుంది. తేదీ ఖాయం చేసుకుని వాన రాకూడదని మొక్కుకోవద్దు. సంచి, బండి, దారి ముందే సిద్ధం చేసుకుని ఉండండి. వాన తెరిపిచ్చిన రెండో నాడు బయల్దేరండి.

1. ముందు వాన లెక్క తెలుసుకోండి

ఈ కాలంలో మన జిల్లాలు ఆశపడేది ఈశాన్య రుతుపవనాల మీదే. అవి మామూలుగా అక్టోబరు మూడో వారం తర్వాత వస్తాయి, డిసెంబరు దాకా ఉంటాయి. ఈ వానలు రోజూ పడవు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే రెండు మూడు రోజులు ముసురు పడుతుంది, తర్వాత కొన్నాళ్లు తెరిపి. మళ్లీ ఇంకో అల్పపీడనం. మన ప్రయాణం ఆ తెరిపిలో పడాలి.

వాన ఆగిన మొదటి రోజు వెళ్లొద్దు. వంకలు ఇంకా బురదరంగులో ఉరకలేస్తుంటాయి, జలపాతాల దగ్గరికి అటవీ శాఖవాళ్లు పోనివ్వరు. పోనివ్వకపోవడమే మంచిది. రెండో రోజుకు ఏటి నీరు తేటపడుతుంది, ధార మాత్రం తగ్గదు. గాలిలో దుమ్మంతా కడుక్కుపోయి ఉంటుంది కాబట్టి దూరపు కొండ కూడా అంచు తెగినట్టు కనిపిస్తుంది. మబ్బు విడిపోయిన రాత్రి తడి నేల చల్లబడి, తెల్లవారుజామున చెరువుల మీద, చేలమీద మంచు పరుచుకుంటుంది. నాలుగైదు రోజులు గడిస్తే ఈ మంచు పలచబడుతుంది, చిన్న కోనల్లో ధార సన్నబడుతుంది. కాబట్టి రెండో నాటి నుంచి నాలుగో నాటి వరకూ మనకు అనువైన సమయం.

వాతావరణ శాఖ అమరావతి కేంద్రం ఇచ్చే జిల్లా హెచ్చరికలు చూడండి. పసుపు రంగు ఉంటే జాగ్రత్తపడాలి, నారింజ ఉంటే కోనల మాట మరిచిపోవాలి, ఎరుపు ఉంటే ఇల్లు కదలకూడదు. బయల్దేరే రోజు చెన్నై, శ్రీహరికోట డాప్లర్ రాడార్ చిత్రాలు చూస్తే రాబోయే రెండు మూడు గంటల వాన ఎటు కదులుతోందో తెలుస్తుంది. ఇవన్నీ చూశాక కూడా ఆ ఊళ్లో తెలిసినవాళ్లకు ఒక ఫోన్ చేయండి. "అన్నా, మీ చెరువు మరవ పోతా ఉందా?" అని అడిగితే వచ్చే జవాబు ఏ యాప్ కన్నా నమ్మకమైనది.

2021 నవంబరును ఈ జిల్లాల్లో ఎవరూ మరిచిపోలేదు. తిరుమల ఘాట్ రోడ్డులో కొండచరియలు విరిగిపడ్డాయి, స్వర్ణముఖి ఊళ్లమీదికి వచ్చింది, రాయలచెరువు కట్ట నుంచి నీరు కారడంతో కింది ఊళ్లను ఖాళీ చేయించారు, పక్క జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు తెగిపోయింది. ఈ ఋతువు అందం, ప్రమాదం రెండూ ఒకే మబ్బులోంచి వస్తాయి.

ఇంకొక లెక్క పండగలది. బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుపతిలో గది దొరకడం కష్టం, దారులన్నీ కిక్కిరిసి ఉంటాయి. కార్తీక సోమవారాల్లో కపిలతీర్థం, తలకోన భక్తులతో నిండిపోతాయి. తిరుచానూరు పంచమీ తీర్థం నాడు ఆ వైపు బండి కదలదు. ఫోటోల కోసమే అయితే వారం మధ్యలో, మంగళ బుధవారాల్లో వెళ్లండి.

2. పడమర వైపా, తూర్పు వైపా

మనకు రెండు చుట్టుదారులు ఉన్నాయి. పడమటి చుట్టు: తిరుపతి, చంద్రగిరి, భాకరాపేట, తలకోన, పీలేరు, మదనపల్లె, హార్స్‌లీ హిల్స్, పుంగనూరు, పలమనేరు, కైగల్, చిత్తూరు, మళ్లీ తిరుపతి. తూర్పు చుట్టు: తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట, నేలపట్టు, సూళ్లూరుపేట, పులికాట్, తడ, నాగలాపురం, కైలాసకోన, పుత్తూరు, తిరుపతి.

ఈశాన్య గాలి సముద్రం నుంచి తేమను మోసుకొస్తుంది. సూళ్లూరుపేట, సత్యవేడు వైపు ముందు కురిసి, నగరి కొండలు, శేషాచలం దాటి మదనపల్లె పీఠభూమి చేరేసరికి సగం ఖాళీ అవుతుంది. అందుకే తూర్పున ముసురు పట్టినా పడమట ఎండ కాస్తున్న రోజులు చాలా ఉంటాయి. తూర్పు చుట్టు అనుకుని సంచి సర్దుకున్నారు, సూళ్లూరుపేటకు హెచ్చరిక వచ్చింది. ప్రయాణం మానుకోనక్కర్లేదు, బండిని పీలేరు వైపు తిప్పండి.

నెలలను బట్టి కూడా తేడా ఉంది. జలపాతాలకు, కొండమంచుకు అక్టోబరు చివరి నుంచి నవంబరు ఆఖరు వరకూ మంచి సమయం. పక్షులకు నవంబరు మధ్య నుంచి మొదలుపెట్టి జనవరి దాకా వెళ్లొచ్చు. రెండు చుట్లనూ ఒకే ప్రయాణంలో ఇరికించకండి. ఒక్కో చుట్టుకు మూడు పగళ్లు, రెండు రాత్రులు ఇస్తేనే న్యాయం. రోజుకు రెండు చోట్ల కన్నా ఎక్కువ పెట్టుకుంటే వెలుతురు ఉన్నంతసేపూ కారులోనే ఉంటారు.

3. వెలుతురు ఎప్పుడొస్తుందో రాసిపెట్టుకోండి

తిరుపతిలో అక్టోబరు మధ్యన సూర్యోదయం సుమారు 6 గంటల 3 నిమిషాలకు, అస్తమయం 5 గంటల 53కు. నవంబరు మధ్యకు అది 6 గంటల 12, 5 గంటల 41 అవుతుంది. అంటే తెల్లవారే వెలుతురు కావాలంటే 5:30కల్లా కెమెరా స్టాండు మీద ఉండాలి. సాయంత్రం 5 దాటితే కొండ నీడలు ఒక్కసారిగా పొడుగవుతాయి.

ఈ కాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. నవంబరు మధ్యలో మిట్టమధ్యాహ్నం కూడా 58 డిగ్రీల ఎత్తు దాటడు. వేసవిలో నడినెత్తిన నిలబడి అన్నిటినీ చదును చేసే ఎండ ఇది కాదు. ఉదయం 9 దాకా, సాయంత్రం 3:30 తర్వాత బండరాళ్ల గరుకుతనం, గడ్డి పరకల వెనక వెలుగు చక్కగా పడతాయి. లోతైన కోనల్లో ఈ సూత్రం పనిచేయదు. అక్కడ పలచటి మబ్బు కమ్మిన పగలే అన్నిటికన్నా మేలు. ఎండ పడితే ధార మీద తెల్లటి మచ్చలు, పక్క బండల్లో కటిక నలుపు తప్ప ఇంకేమీ మిగలదు.

4. సంచిలో ఏముండాలి

ఉన్న కెమెరా చాలు. దానికి ఒక వెడల్పు లెన్సు, ఒక దూరపు లెన్సు ఉంటే రెండు చుట్లూ నడిచిపోతాయి. పక్షుల కోసమే పులికాట్ వెళ్తుంటే 400 మిల్లీమీటర్ల లోపు లెన్సుతో తృప్తి ఉండదు. అద్దెకు తెచ్చుకోవడం నయం. అన్నిటికన్నా ముందు డబ్బు పెట్టాల్సింది మంచి ట్రైపాడ్ మీద, ఒక పోలరైజర్ ఫిల్టర్ మీద. తడిసిన ఆకుమీద, బండమీద మెరిసే తెల్లటి తళుకును పోలరైజర్ తీసేస్తుంది. అది తిప్పగానే ఆకుపచ్చ లోతుగా బయటపడుతుంది. ఈ పని తర్వాత కంప్యూటర్‌లో చేయడం కుదరదు.

మిగతావి చిన్నవే: రెండు అదనపు బ్యాటరీలు, రెండు కార్డులు, నాలుగైదు మెత్తటి తుడుపుగుడ్డలు, కెమెరా మీద కప్పడానికి పెద్ద ప్లాస్టిక్ కవరు, సిలికా జెల్ పొట్లాలు, తలకు కట్టుకునే టార్చి, పట్టు ఉన్న బూట్లు. పాత నూలు తువ్వాలు ఒకటి తప్పకుండా పెట్టుకోండి. జలపాతం తుంపర్ల దగ్గర లెన్సు గుడ్డలన్నీ పది నిమిషాల్లో తడిసిపోయాక ఆదుకునేది అదే.

ఏసీ కారులోంచి దిగి తేమగాలిలో కెమెరా తీస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. తుడిచేకొద్దీ మళ్లీ వస్తుంది. చేరబోయే చోటికి అరగంట ముందే ఏసీ ఆపేసి అద్దాలు దించండి. సంచిని మూసే ఉంచి అందులోనే వెచ్చబడనివ్వండి.

ఫోనుతో తీసేవాళ్లు కూడా ఈ ప్రయాణంలో వెనకబడరు. ఫోను పట్టే చిన్న స్టాండు, ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునే పద్ధతి), లెన్సు తుడిచే అలవాటు ఉంటే మంచు, చెరువులు, దారులు అద్భుతంగా వస్తాయి. దూరపు పక్షులను మాత్రం జూమ్ చేసి తీయకండి. ఆ సమయంలో కళ్లతో చూడండి.

5. బండి, ఘాట్ రోడ్డు

టైర్లలో గాడి లోతు, వైపర్ల రబ్బరు, బ్రేకులు, ఫాగ్ ల్యాంపులు ముందురోజే చూసుకోండి. భాకరాపేట కనుమలో మలుపులు మోసం చేస్తాయి, 2022లో అక్కడ బస్సు లోయలో పడి ప్రాణాలు పోయాయి. దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడకుండా తక్కువ గేరులో రండి. మలుపులో బండి ఆపి ఫోటో తీయడం ఎంత మంచి దృశ్యానికైనా తగదు. కిందికి వచ్చి, బండి పూర్తిగా రోడ్డు దిగాక, వెనక్కి నడిచి వెళ్లండి.

వంకలు దాటే చోట కాజ్‌వే మీద నీరు పారుతుంటే ఆగిపోవాలి. అడుగు లోతు నీరు పారినా చిన్న కారును తేల్చేయగలదు. నీటి కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు. ముందు వెళ్లిన ట్రాక్టరు దాటింది కదా అనుకోవద్దు, దాని ఎత్తూ బరువూ వేరు.

పెట్రోలు తిరుపతి, పీలేరు, మదనపల్లె, పలమనేరుల్లో నింపుకుంటే చాలు. తలకోన లోపల ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. మ్యాపును ముందే దించుకుని, ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పండి.

6. పడమటి చుట్టు, ఒక్కో పూట

మొదటి ఉదయం తలకోనకు ఇవ్వండి. తిరుపతి నుంచి సుమారు 60 కిలోమీటర్లు. చంద్రగిరి దాటి, రంగంపేట మీదుగా భాకరాపేట కనుమ దాటి, నెరబైలు చేరాలి. దారిలో చంద్రగిరి కోట వెనకున్న బండకొండ మీద మంచు తాకి ఉంటే పదిహేను నిమిషాలు ఆగొచ్చు, అంతకు మించి వద్దు. తలకోనలో టికెట్టు తీసుకోవాలి, ప్లాస్టిక్ లోపలికి తేకూడదు. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర్నుంచి జలపాతానికి నడక. ఈ నడకను పరుగుగా మార్చకండి. తలకోన అంటే 270 అడుగుల ధార ఒక్కటే కాదు. దారి పక్కన కొండచిలువల్లా మెలికలు తిరిగిన గిల్లతీగ, తడిసిన బండల మీద నాచు, చెట్ల సందుల్లోంచి జారే వెలుగు, ఇవన్నీ ధార కన్నా అరుదైన ఫోటోలు. ధారను అందరూ తీస్తారు. తీగలను తీసేవాళ్లు తక్కువ.

ధార దగ్గర ఐఎస్‌ఓ 100 (వెలుతురుకు సెన్సరు స్పందించే స్థాయి), లెన్సు రంధ్రం ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య పెట్టండి. షట్టరు వేగం నీటి బలాన్ని బట్టి మారాలి. వానల తర్వాత నిండుగా పడుతున్నప్పుడు సెకనులో పదిహేనో వంతు నుంచి నాలుగో వంతు చాలు. అంతకన్నా నెమ్మదిస్తే నీటి పోగులన్నీ కలిసి తెల్లటి దిమ్మలా తయారవుతాయి. సన్నటి ధారకు ఒకటి రెండు సెకన్లు ఇస్తే పట్టుదారంలా వస్తుంది. నల్లటి బండ మధ్య తెల్లటి నీరు కాబట్టి కెమెరా దృశ్యమంతా చీకటనుకుని వెలుతురు పెంచేస్తుంది, నీళ్లలో వివరం కాలిపోతుంది. ఎక్స్‌పోజరును ముప్పావు మెట్టు (స్టాప్) తగ్గించి, హిస్టోగ్రాం (ఫోటోలో చీకటి వెలుగుల పంపకం చూపే పటం) కుడి అంచుకు తగలకుండా చూడండి. రా ఫైలులో (కెమెరా మార్పులు చేయని ముడి ఫైలు) తీస్తే నీడల వివరం తర్వాత తెచ్చుకోవచ్చు, కాలిపోయిన తెలుపు తిరిగి రాదు.

గుండంలోకి దిగకండి. పైన కొండల్లో ఎక్కడో వాన పడితే కింద ఆకాశం నీలంగా ఉండగానే నీరు పెరుగుతుంది. నీటి రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం మొదలైనా సామాను వదిలేసి ఎత్తుకు ఎక్కండి.

తిండి విషయం ముందే చూసుకోవాలి. తెల్లవారకముందే బయల్దేరాం కాబట్టి చంద్రగిరిలోనో భాకరాపేటలోనో టిఫిన్ కట్టించుకోండి. మధ్యాహ్నానికి పీలేరు వైపు వచ్చేస్తే రాగిసంగటి, శెనక్కాయల ఊరిబిండి దొరుకుతాయి. దారి పక్కన సీతాఫలాల గంపలు కనిపిస్తే కొనుక్కోండి, ఇదే వాటి కాలం.

పీలేరు నుంచి వాయల్పాడు మీదుగా మదనపల్లె వెళ్లే దారి చాలామంది నిద్రపోయే దారి. నా దృష్టిలో ఈ చుట్టులో అత్యంత విలువైన మధ్యాహ్నం ఇదే. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గ్రానైటు గుండ్ల గుట్టలు, వాటి కింద పచ్చటి మళ్లు, మధ్యలో నిండిన చెరువు. సాయంత్రం 4 తర్వాత ఏదైనా చెరువు కట్ట ఎక్కి నిలబడితే గుట్ట, దాని నీడ, నీళ్లలో రెండోసారి గుట్ట, మూడూ ఒకే చట్రంలోకి వస్తాయి. ఇది శెనక్కాయలు పీకే కాలం కూడా. చేలో కూలీలు గుంపుగా కూర్చుని కాయలు వలుస్తున్న దృశ్యం కనిపిస్తే ముందు కెమెరా తీయకండి. చేను దగ్గరికి వెళ్లి పలకరించి, అడిగి తీయండి. వద్దంటే వద్దు. తీసిన ఫోటో వాళ్లకే చూపించండి, కుదిరితే వాళ్లలో ఒకరి ఫోనుకు పంపించండి.

రాత్రి హార్స్‌లీ హిల్స్ మీద బస. పర్యాటక శాఖ వసతి ఉంది, సెలవురోజుల్లో ముందే గది తీసుకోవాలి. ఎత్తు 1,265 మీటర్లు, కాబట్టి స్వెట్టరు తప్పదు. ఈ కొండ పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ వేసవి విడిదిగా ఎంచుకోవడంతో ఇప్పటి పేరు వచ్చింది. అమావాస్యకు దగ్గరి రాత్రి అయితే, మబ్బు లేకపోతే, తూర్పున మృగశిర లేచాక వెడల్పు లెన్సుతో 15 సెకన్ల ఎక్స్‌పోజరు ఇచ్చి చూడండి.

రెండో ఉదయం అంతా కొండమీదే. లోయలో మంచు నిండితే గుట్టల శిఖరాలు మాత్రం పైకి తేలి కనిపిస్తాయి. మంచును కెమెరా బూడిదరంగుగా చూపిస్తుంది, ఎక్స్‌పోజరు ముప్పావు నుంచి ఒక మెట్టు పెంచితేనే అది మంచులా తెల్లగా ఉంటుంది. ఇక్కడ వెడల్పు లెన్సు కన్నా 100 నుంచి 200 మిల్లీమీటర్ల లెన్సు బాగా పనిచేస్తుంది, పొరలు పొరలుగా కొండలు దగ్గరికొస్తాయి. కొండ అంచునున్న గాలిబండ అనే బండ పేరుకు తగ్గదే. అక్కడ ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా పొడిగించకండి, మధ్య కొక్కానికి సంచి వేలాడదీయండి. పక్షుల మీద ఇష్టం ఉన్నవాళ్లు బండల మధ్య పొదల్లో పసుపు గొంతు పిగిలిపిట్ట (బుల్‌బుల్) కోసం ఓపిగ్గా చూడాలి. దక్షిణ భారతంలోని ఇలాంటి రాతి గుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు అది. రికార్డు చేసిన కూతలు వినిపించి దాన్ని బయటికి రప్పించే పని చేయకండి.

మధ్యాహ్నం పుంగనూరు మీదుగా పలమనేరు. మూడడుగుల ఎత్తు దాటని పుంగనూరు ఆవులను వాటి సొంత ఊరి పచ్చికలో తీయాలనుకునేవాళ్లు యజమానిని అడిగి ఓ గంట గడపొచ్చు. రాత్రి పలమనేరులో ఉండండి. కుప్పం దారిలోకి చీకటి పడ్డాక వెళ్లొద్దు. కౌండిన్య అభయారణ్యం అటుపక్కే ఉంది. 1980లలో పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చి స్థిరపడిన ఏనుగులు ఇప్పుడు రాత్రిళ్లు చేలలోకి, రోడ్ల మీదికి వస్తుంటాయి.

మూడో ఉదయం కైగల్. బైరెడ్డిపల్లె మండలంలో, పలమనేరు-కుప్పం దారికి దగ్గర్లో, వెడల్పాటి బండ మీదుగా నీరు దూకుతుంది. ఊళ్లో దీన్ని దుముకురాళ్లు అంటారు. తలకోనలా ఎత్తు లేదు, కానీ బండలో నీరు తొలిచిన గుంటలు, పాయలు ఫోటోకు ఎంతో అందం. కెమెరాను మోకాలి ఎత్తుకు దించి, ఒక గుంటను ముందు పెట్టి, వెనక ధార వచ్చేట్టు చూడండి. బండలు నూనె పూసినట్టు జారతాయి. దిగే ముందు ఊరివాళ్లను రెండు ప్రశ్నలు అడగాలి. నీరు ఎక్కడిదాకా దిగొచ్చు, రాత్రి ఏనుగులు యా పక్క తిరిగినాయి. ఏనుగు కనిపిస్తే బండి దిగకండి, హారన్ కొట్టకండి, ఫ్లాష్ వేయకండి. దూరంగా ఆగి, వెనక్కి పోయే దారి తెరిచి పెట్టుకోండి. తిరుగుదారిలో మొగిలి ఘాటు దిగి చిత్తూరు చేరి, అక్కడి నుంచి తిరుపతి.

7. తూర్పు చుట్టు: నీళ్లూ రెక్కలూ

తిరుపతి నుంచి సూళ్లూరుపేట దాదాపు వంద కిలోమీటర్లు. దానికి ముందే, దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల అభయారణ్యం. చెరువు నీళ్లలో నిలబడిన చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), తెల్ల కంకణాలు (ఐబిస్ పక్షులు), నత్తగుల్ల కొంగలు గూళ్లు పెడతాయి. అక్టోబరులో రావడం మొదలై, మార్చి దాకా ఉంటాయి. పక్షుల రెట్టతో సారం పట్టిన చెరువు నీరు పొలాలకు పారుతుంది కాబట్టి ఊరివాళ్లు వాటిని తమవిగా చూసుకుంటారు. మీరు కూడా ఆ ఊరి ఇంటికి చుట్టంగా వెళ్తున్నట్టే మసలండి. గొంతు తగ్గించండి, రంగురంగుల బట్టలు వద్దు, కట్ట దిగి చెట్ల దగ్గరికి పోవద్దు. తల్లి ఒక్కసారి బెదిరి లేస్తే గుడ్లను కాకులు ఎత్తుకుపోతాయి.

ఇక్కడ గాలి మనకు సాయం చేస్తుంది. పక్షి గాలికి ఎదురుగా వాలుతుంది, ఎదురుగానే లేస్తుంది. ఈ నెలల్లో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది, ఉదయపు ఎండ తూర్పు నుంచి వస్తుంది. మీ వీపు తూర్పుకు ఉండేలా నిలబడితే ఎండ మీ వెనక ఉంటుంది, వాలే పక్షి మొహం మీ వైపే ఉంటుంది. ఎగిరే పక్షికి షట్టరు సెకనులో రెండువేలో వంతు, కొమ్మమీది పక్షికి ఐదువందలో వంతు. ఐఎస్‌ఓను ఆటోలో పెట్టి 3200 దగ్గర హద్దు గీయండి. తెల్లటి రెక్కలు కాలిపోకుండా ఎండలో ఎక్స్‌పోజరును ముప్పావు మెట్టు తగ్గించండి.

పులికాట్‌కు సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డే వేదిక. సరస్సు మధ్యగా పడమర నుంచి తూర్పుకు వెళ్తుంది. సూర్యుడు దక్షిణానికి వాలి ఉన్నాడు కదా, కాబట్టి రోడ్డుకు ఉత్తరం వైపున్న పక్షుల మీద పగలంతా ముందు వెలుతురు పడుతుంది. దక్షిణం వైపువి నల్లటి ఆకారాలుగా వస్తాయి, ఉదయం సాయంత్రం అవే కావాలంటే అటు తిరగండి. ఫ్లెమింగోలు లోతు తక్కువ నీళ్లలోనే తల ముంచి మేస్తాయి. పెద్ద వానలకు సరస్సు నిండిపోతే అవి అంచులకు చెదిరిపోతాయి, కాబట్టి వాటి కోసమే అయితే వానలు తగ్గే డిసెంబరు, జనవరి మేలు. అటకానితిప్ప దగ్గర ఆగొచ్చు. రోడ్డు మీద అంతరిక్ష కేంద్రం బండ్లు వస్తూపోతూ ఉంటాయి, అంచున జాగ్రత్తగా నిలబడండి. కేంద్రం కట్టడాల వైపు, చెక్‌పోస్టు వైపు కెమెరా తిప్పకూడదు. డ్రోను ఊసే వద్దు.

తడ దగ్గరి ఉబ్బలమడుగు, సిద్ధులయ్య కోన అందమైనవే. కానీ ఈ కోనల్లో అకస్మాత్తుగా వచ్చిన నీటికి చాలామంది ప్రాణాలు కోల్పోయారు. వానల నెలల్లో వాటిని జాబితాలోంచి తీసేయమనే చెబుతాను. వాటి బదులు నాగలాపురం మీదుగా వచ్చి కైలాసకోన చూడండి, ఏడాది పొడుగునా నీరుంటుంది, రోడ్డుకు దగ్గర. పుత్తూరు వైపు వస్తుంటే సాయంత్రపు ఎండలో నగరి ముక్కు (ముక్కులా కనిపించే కొండ కొస) ఎర్రబడుతుంది. ఆ ఎర్రదనం పది నిమిషాలకు మించి నిలవదు, ముందే చోటు చూసుకుని సిద్ధంగా ఉండాలి.

8. ఒక్క పూటే తీరిక ఉంటే

తిరుపతిలోనే ఉండండి. వాన పడ్డ మర్నాడు కపిలతీర్థం ధార ఊరి మధ్యనుంచే కనిపిస్తుంది. రాయలచెరువు కట్ట మీద సూర్యాస్తమయం చూడండి. తిరుమల వెళ్తే శిలాతోరణం దగ్గర ఆగండి. ఘాట్ రోడ్డు పక్కన అడుగున ఉన్న పాత గ్రానైటు మీద క్వార్ట్‌జైటు పొరలు పేర్చినట్టు కనిపించే చోటు ఉంది. ఆ రెండు రాళ్ల పుట్టుక మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఖాళీ ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. గుడిలోకి కెమెరా, ఫోను తీసుకెళ్లకూడదు, కొండమీద డ్రోను నిషేధం. ఘాట్ రోడ్డు రాత్రి కొన్ని గంటలు మూసేస్తారు, ద్విచక్ర వాహనాలకు వేళల నియమాలు మారుతుంటాయి. అలిపిరిలో కనుక్కుని వెళ్లండి.

9. అడవిలో నడక నియమాలు

శేషాచలం ఎర్రచందనం అడవి. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగే చోటు మన తూర్పు కనుమల దక్షిణ భాగమే. దొంగరవాణా వల్ల ఇక్కడ నిఘా గట్టిగా ఉంటుంది. అనుమతి ఉన్న దారులు దాటి తెల్లవారుజామున సంచితో అడవిలోకి దిగితే ఆపడం ఖాయం, ఆపడం వాళ్ల బాధ్యత. గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి, అడిగిన దానికి నెమ్మదిగా జవాబు చెప్పండి, నేలమీద పడిన చెక్కముక్క కూడా తీసుకోకండి. అభయారణ్యాల్లో పెద్ద పరికరాలతో తీయాలంటే ముందే అటవీ శాఖ అనుమతి తీసుకోండి.

కోతులకు, నక్కలకు ఏదీ పెట్టకండి. బండల సందుల్లో బంగారు బల్లి, రాత్రి కొమ్మల్లో దేవాంగపిల్లి కనిపించడం గొప్ప అదృష్టం. దేవాంగపిల్లి కళ్లు చీకటికి తయారైనవి, ఫ్లాష్ దానికి నరకం. ఎర్ర వెలుతురు టార్చితో క్షణం చూసి వదిలేయండి. చేల గట్ల మీద, రాళ్ల మధ్య అడుగు వేసేముందు చూడండి. ఈ కాలంలో రక్తపింజర అక్కడే చుట్టుకుని ఉంటుంది.

10. ఇంటికొచ్చాక

ఆ రాత్రే ఫోటోలను రెండు వేర్వేరు చోట్ల దాచండి. అరుదైన జంతువు, గూడు, ఎర్రచందనం చెట్టు ఉన్న ఫోటోల్లోంచి జీపీఎస్ గుర్తు తీసేసే బయట పెట్టండి. ఊరి పేరు కూడా రాయకండి, జిల్లా పేరు చాలు. జలపాతం ఫోటో పెట్టేటప్పుడు మాత్రం అక్కడి ప్రమాదం గురించి రెండు వాక్యాలు తప్పకుండా రాయండి, మీ ఫోటో చూసి వెళ్లే పిల్లలు ఉంటారు.

కెమెరాను సంచిలోనే వదిలేసి పడుకోవద్దు. ఈ తేమలో లెన్సు లోపల బూజు పట్టడానికి కొద్ది వారాలు చాలు. సంచి ఖాళీ చేసి ఎండలో ఆరబెట్టండి. ట్రైపాడ్ కాళ్లను విప్పి, పులికాట్ వెళ్లొచ్చినట్టయితే మంచినీళ్లతో ఉప్పు కడిగి తుడవండి. లెన్సులను గాలి చొరబడని డబ్బాలో కొత్త సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే మార్చండి.